తిరిగి రావలసిన వస్తువు

శనివారం భర్త వస్తున్నాడు. అందుకని అరువుల మేడమ్ సోమవారం పొద్దున్నే వారం పనంతా మనసులో సర్దేసుకుంది: గురువారానికి కొత్త కంప్యూటర్ సిస్టం నేర్చుకోవడం అయిపోవాలి, శుక్రవారం దుప్పట్లు ఉతకాలి, శనివారం సెలవు.

మ్యూజియం నుంచి వేరే మ్యూజియాలకు అరువు వెళ్ళే వస్తువుల లెక్కంతా ఆవిడదే. అందుకే ఆ పేరు. భర్త అదే మ్యూజియంలో చెక్క శిల్పాలకు మరమ్మతు చేస్తాడు. ఆరు నెలల పనికని దూరపు ఊరి మ్యూజియం వాళ్ళు ఆయన్ను పిలిపించుకున్నారు. ఇప్పటికి పదకొండు నెలలయింది. ఫోన్ చేసినప్పుడల్లా ఏ విగ్రహానికి ఏ వేలు అతికిందో చెప్పి పెట్టేస్తాడు. ఇంట్లో ఆవిడ ఇప్పటికీ మంచానికి ఒక పక్కనే పడుకుంటుంది.

సిస్టం నేర్పడానికి వచ్చిన అమ్మాయి, "ఏదో ఒక వస్తువు ఎక్కించి చూడండి మేడమ్" అని టీకి వెళ్ళింది.

ఆవిడ కాసేపు ఆలోచించింది. రకం అన్నచోట 'ఇతరం' అని నొక్కింది. వివరణలో ఇలా రాసింది: "ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. యాభై రెండేళ్ళ నాటిది. ఎడమ మోకాలు బలహీనం, మెట్ల దగ్గర జాగ్రత్త. చలిగాలి తగలనివ్వరాదు. ఎక్కువ కాలం ఒంటరిగా ఉంచరాదు." తీసుకున్నవారు, ఆ దూరపు ఊరి మ్యూజియం. తిరిగి ఇవ్వవలసిన తేదీ, అయిదు నెలల కిందటిది. మీట నొక్కి తనలో తనే నవ్వుకుంది.

అమ్మాయి తిరిగి రాగానే అడిగింది. "ఇప్పుడిది చెరిపేయడం ఎలాగమ్మా?"

"చెరపడం ఉండదు మేడమ్. మ్యూజియం రికార్డు కదా! వస్తువు తిరిగొచ్చి, తెచ్చినవాళ్ళూ మన సూపరింటెండెంట్ గారూ సంతకాలు పెడితేనే మూసుకుంటుంది. గడువు దాటితే అదే నోటీసు పంపిస్తుంది. అదిగో, వెళ్ళిపోయింది కూడా!"

అరువుల మేడమ్‌ తెర వైపు వంగి మళ్ళీ చదివింది. కామా తప్పిందని అటెండర్ల చేత కూడా చీటీలు తిరగరాయించిన మనిషి తను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెబుతుంది? ఎలాగో ధైర్యం తెచ్చుకుని ఫోన్ అందుకోబోతుంటే అదే మోగింది. అవతల ఆ మ్యూజియం స్టోర్ కీపర్.

"నోటీసు అందింది మేడమ్! మీరేం కంగారు పడకండి. వస్తువు మా దగ్గర భద్రంగా ఉంది. గదిలో పెట్టి తాళం వేశాం. మోకాలి కింద మెత్తటి గుడ్డ కూడా పెట్టాం!"

అతను అంత నమ్మకంగా అబద్ధమాడాక, అలాంటి వస్తువే లేదని చెబితే మనిషి సిగ్గుతో చచ్చిపోడూ? "సరేనండి" అని పెట్టేసింది.

బుధవారం భర్త ఫోన్ చేశాడు. "ఈ శనివారం రాలేనోయ్. మన మ్యూజియం బొమ్మేదో ఇక్కడ పోయిందట. మా స్టోర్ కీపర్ వణికిపోతున్నాడు. చెక్కదే అయ్యుంటుందని వెతికే పని నాకు అప్పగించాడు. అది దొరికేదాకా సెలవు లేదట."

రెండు నెలలుగా ఆవిడ ఎదురుచూస్తున్న శనివారం అది. "వివరణ చదివారా అసలు?"

"ఎదురుగానే ఉంది. ఐదడుగుల ఏడంగుళాలు... యాభై రెండేళ్ళంటే పాతదేం కాదు... మోకాలు... అవునూ, ఒంటరిగా ఉంచరాదని బొమ్మలకి ఎవరైనా రాస్తారటోయ్?"

అవతల ఆయన మళ్ళీ మొదటి నుంచి గొణుక్కుంటూ చదవడం వినిపించింది.

"ఏయ్" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఆ ఆఖరి వాక్యం నిజమేనా?"

"చూడనివేవీ నేను రికార్డులో రాయనండీ."

"వెళ్ళి దొరికిందని చెప్పొస్తానుండు."

శనివారం మధ్యాహ్నం స్టోర్ కీపర్ ఆయన్ను స్వయంగా వెంటబెట్టుకుని వచ్చాడు. తన అబద్ధం బయటపడకుండా ఉండాలంటే అతనికీ సంతకం కావాలి మరి. సూపరింటెండెంట్ రికార్డు చదివి, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని ఎదురుగా ఉన్న శాల్తీని తేరిపార చూశాడు.

"వస్తువు ఇదేనా అమ్మా?"

"ఇదేనండి."

"వెళ్ళినప్పటికీ ఇప్పటికీ తేడా ఏమైనా ఉందా?"

"నాలుగు కిలోలు తగ్గారండి. చొక్కా మూడో గుండీ లేదు." ఆవిడ ఆయన కాలర్ సర్దింది. "మిగతా అంతా అలాగే ఉన్నారు."

సూపరింటెండెంట్ ఇంకేం అడక్కుండా, వస్తువు ఇక ఇక్కడే ఉంటుందని రాసి సంతకం పెట్టాడు. భర్త, ఎవరూ చూడట్లేదనుకుని, ఆవిడ చిటికెన వేలు పట్టుకున్నాడు.

అప్పుడు స్టోర్ కీపర్ సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. "మా సార్ ఆ వివరణ చదివి మురిసిపోయారండీ. వస్తువుని ఇంత శ్రద్ధగా చూసి రాసేవాళ్ళు మా దగ్గర ఒక్కరూ లేరన్నారు. మా స్టోరంతా అలా రాయించడానికి మేడమ్‌ని ఆరు నెలలు పంపించమన్నారు. సోమవారం నుంచే."

సూపరింటెండెంట్ పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. ఆ ఊపులో దానిమీదా సంతకం పెట్టేశాడు.

ఆ సాయంత్రం భర్త వాషింగ్ మెషీన్ ముందు నిలబడి, ఏ మీట దేనికో భార్యను అడిగి కాగితం మీద రాసుకున్నాడు.