ఊటవాగు వంతెనకు బరువు పరీక్ష

ఊటవాగు వంతెన పూర్తిగా సురక్షితమని ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమైనది. అరవై ఏళ్లుగా అది పడిపోలేదు. పడిపోలేదు కాబట్టి గట్టిదే అన్న సూత్రం మీద పల్నాడులో ఇళ్లూ, కరెంటు స్తంభాలూ, పార్టీలూ నిలబడి ఉన్నాయి. ఒక్క వంతెనకు మాత్రం వేరే సూత్రం ఎందుకని ఊటపాడు ప్రజలు ఎన్నడూ మనసు పాడుచేసుకోలేదు.

పిట్టగోడ ఒకవైపు సగం లేదు. సాయంత్రాలు దాని మీద కూర్చుని లోకం సంగతులు తేల్చే పెద్దలు మిగిలిన సగంలోకి సర్దుకున్నారు. నడుమ గుంతల్లోంచి వాగు కనిపిస్తుంది. నీళ్లొచ్చాయో లేదో చూడటానికి రైతులు కిందికి దిగే శ్రమ తప్పింది. లారీ పోయినప్పుడు వంతెన ఊగుతుంది. ఊగుతోందంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే లెక్కని ఆ పెద్దలే నిర్ధారించారు.

వాగుకు ఇవతల ఊరు, అవతల నాపరాళ్ల క్వారీలు. అక్కడ కొట్టిన రాయి లారీలకెత్తి ఈ వంతెన మీదుగా నడికుడి వైపు తోలుతారు. పర్మిట్టులో రాసినంత బరువు ఎత్తుతారు, చట్టం మీద గౌరవం కొద్దీ. దాని పైన ఇంకో అంత ఎత్తుతారు, బతకాలి కదా.

ఊటపాడు సర్పంచి వీరయ్య. అంటే, ఎన్నికల్లో గెలిచింది ఆయన భార్య హైమావతి. సీటు ఆడవాళ్లకు కేటాయించారు కాబట్టి ఆమె గెలిచింది. పంచాయతీ ఆఫీసులో మంచి కుర్చీ ఒకటే ఉంది కాబట్టి ఆయన కూర్చున్నాడు. సంతకం ఆమెది, దాని పైన రాసిందంతా ఆయనది. ఈ ఏర్పాటు ఎంత సజావుగా సాగుతోందో చూసి చుట్టుపక్కల పంచాయతీలు కూడా ఇదే పద్ధతిలో మహిళలను గౌరవిస్తున్నాయి.

వీరయ్యకు జీవితంలో ఒకటే కోరిక మిగిలింది. రెండు లారీలు పక్కపక్కన పోయే కొత్త వంతెన రావాలి. దాని మొగదల శిలాఫలకం లేవాలి. ఫలకం మీద ‘సర్పంచి శ్రీమతి హైమావతి’ అని ఉండాలి, పక్కనే కాస్త పెద్దక్షరాల్లో ‘భర్త: వీరయ్య’ అని ఉండాలి. నిధులు కూడా వచ్చేట్టే ఉన్నాయి. కాకపోతే ఒక షరతు. పాత వంతెన ఎంత బరువుకు ఆగుతుందో పరీక్ష చేసి, నెలాఖరులోగా రిపోర్టు పంపాలి. పంపకపోతే ఆ డబ్బు వినుకొండ వైపు వంతెనకు పోతుంది. వినుకొండ పేరు విన్నప్పటి నుంచి పాపం వీరయ్యకు అన్నం సయించలేదు.

పరీక్ష చెయ్యటానికి భార్గవి అనే ఇంజనీరమ్మాయి వచ్చింది. ఉద్యోగం కొత్త. నిబంధనల మీద ఇంకా నమ్మకం పోలేదు. ముందుగా గ్రామసభ పెట్టించి, ఎలాంటి వంతెన కావాలో చెప్పమని జనాన్ని అడిగింది. అడిగిన పుణ్యానికి జనం చెప్పారు. శివరాత్రికి కోటప్పకొండ పోయే తాటిచెట్టంత ప్రభ తగలకుండా వంతెన పైన ఆకాశం దాకా ఒక్క తీగ ఉండకూడదు. పిట్టగోడ నడుం వాల్చటానికి వీలుగా వెడల్పుండాలి. ఫ్లెక్సీలు కట్టుకోను ఇనప స్తంభాలు రెండు పార్టీలకూ సమానంగా వెయ్యాలి. గేదెలకు నీడ కావాలని మల్లమ్మ గట్టిగా పట్టుబట్టింది.

అవతలి పార్టీ నాయకుడు మస్తానయ్య లేచి, "వంతెన నడిమజ్జన పొడుగూతా గోడ కట్టాలమ్మా. వాళ్ల బండ్లు అటు, మా బండ్లు ఇటు. ఒకరి మొకం ఒకరు చూసే ఖర్మ ఉండగూడదు" అన్నాడు. ఊరి చరిత్రలో మొదటిసారి వీరయ్య ఆయన మాటకు చప్పట్లు కొట్టాడు.

"మరి భద్రత సంగతి?" అంది భార్గవి.

"అది మీరు పెడతారుగా" అన్నారందరూ.

అన్నీ రాసుకుని ఆ అమ్మాయి పరీక్ష సంగతి చెప్పింది. నిండా రాయెత్తిన లారీలు మూడు వంతెన మధ్యలో పగలంతా కదలకుండా నిలబెట్టాలి. అడుగున సూది ఉన్న మీటర్లు కడతారు. వంతెన ఎంత కుంగిందీ ఆ సూది చూపిస్తుంది, గీత దాటితే ప్రమాదం. అంతే. మూడు లారీలు ఎవరిస్తారు?

సభలో ఉన్న లారీ ఓనర్లందరికీ ఒక్కసారిగా అర్జెంటు పనులు గుర్తొచ్చాయి. చూస్తూండగానే కుర్చీలు ఖాళీ అయ్యాయి.

మర్నాటి నుంచి వీరయ్య ఇల్లిల్లూ తిరిగాడు. ఒకాయన లారీకి ఫైనాన్సు తీరలేదు. ఇంకొకాయన లారీ భార్య పేరున ఉంది, ఆమెను అడగాలి, ఆమె మాట్లాడదు. మరొకాయన, "బావా, నీ మాట కాదంటానా, ప్రాణం అడుగు ఇస్తా, లారీ మాత్రం అడగబాక" అన్నాడు. ఇవన్నీ రోజూ ఆ వంతెన మీద ఆరేడు సార్లు పోయి వచ్చే లారీలే. ఈ ముక్క వీరయ్య ఎవరితోనూ అనలేదు. అంటే మరి నీ లారీల సంగతేంటని అడుగుతారు.

ఎందుకంటే వీరయ్యకే రెండు లారీలున్నాయి. భార్గవి కూడా అడగనే అడిగింది.

"గేరుబాక్సులు పోయినయ్యమ్మా, రెండూ పిడుగురాళ్ల షెడ్డులో ఉన్నయ్" అన్నాడాయన చాలా బాధగా. ఆ సమయంలో రెండు లారీలూ వాగు అవతల క్వారీ వెనక తుమ్మచెట్ల చాటున విశ్రాంతి తీసుకుంటున్నాయి. గేరుబాక్సులు వాటి వాటి స్థానాల్లోనే ఉన్నాయి.

"రోజూ తోలే బండ్లు ఇయ్యాల దాచిపెట్టటం ఏంది?" అంది హైమావతి ఇంట్లో.

"నీకు తెలవదులే, నువ్వు సంతకం పెట్టు" అన్నాడు వీరయ్య. అది ఆ ఇంట్లో చర్చ ముగిసినట్టు గుర్తు.

అసలు విషయం వీరయ్య డ్రైవరు బ్రహ్మాజీ విడమరిచి చెప్పాడు. "పోతా ఉంటే బ్రిడ్జీకి మన బరువు తెలవదు మేడమ్. ఇది ఎత్తుకునే లోపల మనం అవతల ఉంటాం. స్పీడు తగ్గిందా, అప్పుడు తెలుస్తది దానికి. మీరేమో నిలబెట్టమంటిరి!"

ఇరవై ఏళ్ల అనుభవంతో చెప్పిన మాట. భార్గవి చదివిన కాలేజీలో ఇది చెప్పినట్టు లేదు, ఆ అమ్మాయి బ్రహ్మాజీ వంక నోరు తెరుచుకుని చూసింది. ఊళ్లో మాత్రం ఈ శాస్త్రం తెలియని డ్రైవరు లేడు. వంతెన దగ్గరకు రాగానే అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకుని యాక్సిలరేటరు తొక్కుతారు.

లారీలు లేకపోతే ఇసుక బస్తాలన్నా పేర్చండి, బరువు ఏదైనా బరువేనంది భార్గవి. పేర్చారు. తెల్లారేసరికి బస్తాలు లేవు, ఊళ్లో ఆగిపోయిన ఇళ్లకు ప్లాస్టరింగు మొదలైంది. పోనీ మనుషులను నిలబెడదామన్నాడు ఒక తెలివైనాయన. ఈ ఆలోచన రెండు పార్టీలకూ నచ్చింది. వంతెన మధ్యలో నిలబడే గౌరవం మస్తానయ్య వర్గానిదేనని వీరయ్య వర్గం, అబ్బే, అధికారంలో ఉన్నది మీరు, మీరే ముందుండాలని మస్తానయ్య వర్గం. ఒకరినొకరు అంతగా మన్నించుకోవటం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఎరగరు. మర్యాదలు ఎంతకీ తెగక ఆ ప్రయత్నమూ ఆగిపోయింది.

నెలాఖరు ముంచుకొచ్చింది. ఇక లాభం లేదని భార్గవి నరసరావుపేట నుంచి మూడు లారీలు బాడుగకు మాట్లాడింది. పరీక్ష రోజు పొద్దున్నే వంతెనకు రెండువైపులా బండ్లు ఆపేశారు. కింద మీటర్లు బిగించారు. క్వారీ వైపు ఒడ్డున షామియానా వేశారు. ఫ్లెక్సీలో తన ఫొటో బొటనవేలంత ఉందని అలిగి మస్తానయ్య సభను బహిష్కరించి, ఊరి వైపే తన కారులో కూర్చున్నాడు.

వీరయ్య మైకు అందుకున్నాడు. "సోదర సోదరీమణులారా! ఈ వంతెన బరువు మోసీ మోసీ అలిసిపోయింది. నేను కూడా మీ బరువు బాధ్యతలు మోసీ మోసీ అలిసిపోయినా, ఏనాడూ ఊగలేదు! ఊటపాడు అభివృద్ధికి అడ్డమొస్తే నా రెండు లారీలైనా సరే, నా ప్రాణమైనా సరే, ఇదే వంతెన మీద పెడతానని మీ అందరి ముందర మాటిస్తన్నా!" అన్నాడు. పక్క కుర్చీలో హైమావతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో దగ్గిందో మైకు హోరులో తెలియలేదు.

పేట లారీలు వచ్చాయి. డ్రైవర్లు దిగి, వంతెన మీద నాలుగడుగులు నడిచి, ఒక గుంతలోంచి కిందికి తొంగి చూశారు. వాగులో ఒక కొంగ పైకి చూసింది. "దీని మీదనా?" అన్నారు. లారీలు తిప్పుకుని వచ్చిన దారినే పోయారు. పైవూరి వాళ్లు కదా, వంతెన అలవాటు లేదని అందరూ వాళ్లను క్షమించారు.

పరీక్ష రద్దయినట్టు మైకులో ప్రకటించారు. నిధులు వినుకొండకు పోయినట్టేనని వీరయ్యకు అర్థమైంది. కళ్లనీళ్లు తిరిగాయి. అయినా వ్యాపారం వ్యాపారమే కాబట్టి ఆ కళ్లు తుడుచుకుంటూనే బ్రహ్మాజీకి ఫోను చేసి, "టెస్టు లేదంట్రా, తోలుకో" అన్నాడు. మిగతా ఓనర్లూ అదే సమయానికి అదే ఫోను చేశారు. తుమ్మచెట్ల చాటున అంత రవాణా రంగం దాక్కుని ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

పొద్దుటి నుంచి ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. క్వారీ వైపు నుంచి వీరయ్య కారు, వెనకే నిండు లోడుతో ఆయన రెండు లారీలు, వాటి వెనక ఊళ్లో లారీలన్నీ. ఊరి వైపు నుంచి మస్తానయ్య కారు, దాని వెనక మాచర్ల బస్సు, మిరపకాయ బస్తాల ట్రాక్టర్లు. రెండు కార్లూ సరిగ్గా వంతెన నడిమజ్జన ముక్కు ముక్కు ఆనించుకుని ఆగాయి. వెనక వాళ్లు వెనకే వచ్చి ఆగారు. సూది మొన మోపను కూడా సందు లేదు.

ఇప్పుడు ఎవరో ఒకరు వెనక్కి తియ్యాలి. బండికి వెనక్కి పోయే గేరు పల్నాడులో కూడా ఇస్తారు. కాకపోతే దాన్ని ఎదుటి పార్టీ వాడి కళ్లముందు వెయ్యటం మూడు తరాల పరువుకు సంబంధించిన విషయం. అందుకని ఇద్దరు నాయకులూ అద్దాలెత్తి ఏసీ పెంచుకున్నారు.

మీటర్లు విప్పుకోవటానికి కిందికి దిగిన భార్గవి సూది వంక చూసి ముందు సంబరపడింది. నెల రోజుల నుంచి కాళ్లావేళ్లా పడ్డా దొరకని బరువు, అడక్కుండా వచ్చి కదలకుండా నిలబడింది. గబగబా రాసుకుంది. రాస్తూ రాస్తూ ఒక్కసారి కెవ్వుమంది.

"సార్! సూది గీత దాటింది! బండ్లు తీయించండి సార్, వంతెన కుంగుతోంది!"

వీరయ్య కారు దిగాడు. కాళ్ల కింద చిన్నగా వణుకు తెలిసింది. వంతెనదో తనదో అర్థం కాలేదు. "మస్తానయ్యా, బండి తియ్యవయ్యా!" అని అరిచాడు.

"నీ వెనక అంత లోడు పెట్టుకుని నన్ను తియ్యమంటావేంది? గేరుబాక్సులు లేని లారీలు బాగానే వచ్చినయ్యే!" అన్నాడు మస్తానయ్య.

అంతలో పిట్టగోడ ముక్క ఒకటి ఊడి వాగులో పడింది. అందరూ అటు చూశారు.

"అది మా వైపుది కాదు" అన్నాడు మస్తానయ్య.

బస్సు కిటికీల్లోంచి జనం కేకలు పెడుతున్నారు. వెనక్కి తియ్యమని వీరయ్య తన డ్రైవర్లతో ఒక్క మాట అంటే చాలు. నాలుక మీదకు వచ్చింది కూడా. కానీ ఆ మాట అన్నాడో, రేపు టీకొట్టు దగ్గర ఏమనుకుంటారో, వచ్చే ఎన్నికల్లో ఏమని పాటలు కడతారో కళ్లకు కట్టింది. నాలుక మీది మాట మింగాడు. ఫలకం మీద తన పేరు ఇంకో రకంగా కూడా పడొచ్చని ఆయనకు అప్పుడే మొదటిసారి తోచింది. అయినా వెనక్కి మాత్రం అనలేకపోయాడు.

వీరయ్య కారు తలుపు ఇంకోటి తెరుచుకుంది. హైమావతి దిగింది. కొంగు నడుముకు దోపుకుని లారీ దగ్గరకు పోయింది.

"బ్రహ్మాజీ, బండి వెనక్కి తియ్యి."

"అన్న చెప్పలేదు గదా వదినా."

"సర్పంచి చెబుతుంది. తియ్యి!"

ఎన్నికైన నాటి నుంచి ఆమె ఇచ్చిన మొట్టమొదటి ఆర్డరు అది. బ్రహ్మాజీ వెనక వాళ్లకు కేకేసి, గేరు ఎక్కడుందో కాసేపు వెతుక్కున్నాడు. వెనక లారీలు ముందు తీశాయి, ఆ తర్వాత అతనూ తీశాడు. బరువు దిగింది. సూది నెమ్మదిగా గీత ఇవతలకు వచ్చింది. మస్తానయ్య వర్గం విజయోత్సవంగా టపాసులు తీసింది గానీ, వంతెన వైపు ఒకసారి చూసి మళ్లీ జేబులో పెట్టుకుంది.

రిపోర్టు నెలాఖరు లోపలే వెళ్లింది. ప్రజలు స్వచ్ఛందంగా ప్రాణాలొడ్డి పరీక్షకు సహకరించారని భార్గవి అందులో ప్రశంసించింది. వంతెన ఘనంగా ఫెయిలైంది. నిధులు మంజూరయ్యాయి. ఊళ్లో స్వీట్లు పంచారు. ఇంటింటికీ తిరిగి పంచింది వీరయ్యే.

కొత్తది పూర్తయ్యే దాకా పాత దాని మొగదల బోర్డు పెట్టారు. ‘వంతెన బలహీనముగా ఉన్నది. బరువు వాహనములు చుట్టు తిరిగి పోవలెను. ఇతర వాహనములు ఒక్కొక్కటిగా, నెమ్మదిగా పోవలెను.’ ఈసారి హైమావతి పైన రాసిందంతా చదివి మరీ సంతకం పెట్టింది. అంతటితో ఆగక రోజూ పొద్దున్నే పంచాయతీ కుర్చీ తెప్పించుకుని బోర్డు పక్కన వేసుకుని, చేతిలో ఎర్రజెండాతో కూర్చుంటోంది. ఊళ్లో అందరికీ ఆమె అంటే చెప్పలేనంత గౌరవం పెరిగింది. లారీ డ్రైవర్లు ఆమె ముందు బండి ఆపి, "దణ్ణాలు వదినా" అని, ఆమె జెండా ఎత్తేలోపు యాక్సిలరేటరు తొక్కుతున్నారు. వంతెన బలహీనమని ప్రభుత్వమే తేల్చింది కాబట్టి మునుపటి స్పీడు సరిపోదని బ్రహ్మాజీ కొత్తవాళ్లకు నేర్పుతున్నాడు.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పు లేదు. మొన్న మాచర్ల నుంచి కారులో వస్తూ మీరూ ఆ బోర్డు దగ్గర ఆగారు. మొత్తం చదివారు. "ఈ జనం మారరండీ" అని పక్కనున్న వాళ్లతో అన్నారు. ఆ తర్వాత కాలు దేని మీద వేసి తొక్కారో, కుర్చీలో కూర్చున్న హైమావతి చూసింది.