అన్నిటికంటే చిన్న బుట్ట

ఈస్టర్ ఆదివారం ఉదయం ఆరు గంటలకు మార్లిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మిఠాయిలు, బొమ్మలు పెట్టిన ఇరవై ఆరు బుట్టలు కారులో వేసుకోవాలి. వాటిని చర్చి కింది హాల్లో పొడవాటి బల్ల మీద పేర్చాలి. ఆరాధన కాగానే అవి ఇరవై ఆరుగురు పిల్లల చేతుల్లో పడితే, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. అమెరికా ఉత్తరాన మిన్నెసోటాలో ఏప్రిల్ అంటే బయట ఇంకా మోకాలి లోతు మంచే. గడ్డిలో రంగుగుడ్లు వెతుక్కునే ముచ్చట నార్డ్‌బీ ఊరి పిల్లలకు ఎన్నడూ తీరలేదు. వాళ్ళకు ఈస్టర్ అంటే మార్లిస్ ఇచ్చే బుట్టే, పందొమ్మిదేళ్ళుగా.

ఈ ఏడు మాత్రం ఆ బుట్టల బతుకు గాలిలో దీపమైంది. పోయిన ఈస్టర్‌కు కిర్‌స్టెన్ కొడుకు సోరెన్, అప్పటికి ఏడాది పిల్లాడు, మార్లిస్ ఇచ్చిన బుట్టలోని ఒక జెల్లీ బిళ్ళను ముక్కులోకి తోసుకున్నాడు. ఆస్పత్రిలో డాక్టరు దాన్ని బయటికి లాగేదాకా తల్లి ప్రాణాలు తల్లి దగ్గర లేవు. కిర్‌స్టెన్ పల్లెత్తు మాట అనలేదు. అనలేదు కాబట్టే విషయం చాలా పెద్దదని అందరికీ అర్థమైంది. చర్చి సంఘానికి పెద్ద వెండెల్, రిటైరైన లెక్కల మాస్టారు, సమావేశం పెట్టించాడు. ఈసారి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఇకనుంచి కొట్లో తయారుగా దొరికే బుట్టలు తెప్పించాలని తీర్మానం రాయించాడు.

మార్లిస్ "అలాగేనండి" అని ఇంటికొచ్చి మూడు రోజులు సరిగా తినలేదు. ఆమెకు పిల్లలు లేరు. ఏడాదిలో ఆ ఒక్క పూట ఊరి పిల్లలందరూ తన పిల్లలే అనిపించేది. అదీ పోతే ఈస్టర్ నాడు ఆమెకు మిగిలేది కాఫీ కాయడమే.

అందుకని జనవరి నుంచే నడుం బిగించింది. సంఘం ఇచ్చే సొమ్ము రిబ్బన్లకు కూడా చాలదు. కనుక పోయిన వేసవిలో స్ట్రాబెర్రీలు కొన్న బుట్టలన్నీ బయటికి తీసి కడిగింది. బుట్టలో పరచడానికి ప్లాస్టిక్ గడ్డి పిల్లలు నోట్లో పెట్టుకుంటారని, పాత చర్చి ప్రకటనల కాగితాలను సన్నగా కత్తిరించి వేసింది. మూడేళ్ళలోపు వాళ్ళకు ఏది ఇవ్వచ్చో తేల్చడానికి ఆమె దగ్గర ఒక పరికరం ఉంది. టాయిలెట్ కాగితం చుట్ట అయిపోయాక మిగిలే అట్టగొట్టం. అందులోంచి జారేది ఏదైనా పిల్లల గొంతులోకీ జారుతుంది. ఆ లెక్కన పసివాళ్ళ బుట్టలో చివరికి మిగిలినవి గుడ్డ బాతు, దళసరి అట్టల బొమ్మల పుస్తకం, ఒక జత మేజోళ్ళు. చూడ్డానికి అవి ఇరవై ఆరింట్లోకీ చిన్నవి, బీదవి. వాటికి పసుపు రిబ్బను కట్టింది.

పన్నెండు దాటిన పెద్దపిల్లలవి అన్నిటికంటే పెద్ద బుట్టలు, ఊదా రిబ్బను. వాటిలో టార్చిలైటు, పేకముక్కలు, పన్ను విరిగేంత గట్టి మిఠాయి ఉండలు. ఆమె భర్త ఆర్లెన్ చలికాలమంతా గరాజులో కూర్చుని చేపల గాలాలకు రంగు ఈకలు కడతాడు. తలా ఒక గాలం కూడా వేద్దామన్నాడు.

"ముల్లు గుచ్చుకోదూ?"

"ముల్లుకి బిరడా ముక్క గుచ్చుతాలే. అయినా పదిహేనేళ్ళ పిల్లలకి గాలం పట్టుకోవడం నువ్వు నేర్పాలా?"

అదీ నిజమే కదా అని మార్లిస్ ఒప్పుకుంది. ఏ రంగు ఏ వయసుకో పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి బల్ల మీద నిలబెట్టింది. ఆరాధన ముగిసే వేళకు వంటగదిలో పండగ భోజనానికి హామ్, అంటే పంది మాంసం, కోయడానికి వెళ్ళింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి "మీరింతగా అంటున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. అడిగేవాళ్ళు లేక మనంతట మనమే తీసుకోవాల్సి వస్తే, ఉన్నవాటిలో చిన్నదే తీసుకోవాలి. దీన్ని తప్పినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. మా దగ్గర అంతకు మించిన శిక్ష లేదు.

మెట్లు ముందు దిగింది వెర్నా, ఆమె పదిహేనేళ్ళ కవలలు. పెద్దపిల్లలకు బూట్లు తొడగక్కర్లేదు, గుడ్డలు మార్చక్కర్లేదు. వెర్నా అట్ట మీది రాతంతా చదివింది. ఊదా బుట్టల వంక చూసింది. "మాకెందుకండీ అంత పెద్దవి" అని అక్కడ లేని మనిషితో అని, పసుపు బుట్టలు రెండు తీసుకుంది. వెనక వచ్చినవాళ్ళు వెర్నా కంటే పెద్దది ఎలా తీసుకుంటారు? పసుపు బుట్టలు ఆరూ చిటికెలో అయిపోయాయి. తరవాతివాళ్ళు మిగిలినవాటిలో చిన్నవి చూసుకున్నారు. పసిపిల్లల తల్లులు ఆపసోపాలు పడుతూ ఆఖరున దిగేసరికి బల్ల మీద ఆరు ఊదా బుట్టలు ఠీవిగా కూర్చుని ఉన్నాయి.

మార్లిస్ హామ్ పళ్ళెంతో బయటికొచ్చింది. మీసాలొచ్చిన కుర్రాడొకడు గుడ్డ బాతును పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. గోడ పక్కన రెండేళ్ళ సోరెన్ తనంత బుట్టలో తల దూర్చి ఉన్నాడు. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టేసింది.

"మీరు పొరపాటున తీసుకున్నారు" అంటే అయిపోయేది. కానీ ఆ మాట ఊళ్ళో ఎవరితోనూ ఎవరూ అన్న దాఖలా లేదు. వెర్నా దగ్గరికెళ్ళి, కావాలంటే పెద్ద బుట్ట ఉందని చెప్పింది.

"అబ్బే, వద్దండీ. మాకిది చాలు."

"తీసుకోండి వెర్నా గారూ, పర్వాలేదు."

"అయ్యో, ఇంకెవరికైనా ఇవ్వండి."

మూడోసారికి వెర్నా సరేనంది. అటువైపు పసిపిల్లల తల్లులు కూడా, ఇది బాగానే ఉంది, మీరు శ్రమపడకండి అని రెండేసి సార్లు వద్దన్నారు. ఆరు జతలు మారాలంటే అటూ ఇటూ పన్నెండు బుట్టలు, బుట్టకి మూడుసార్లు. మార్లిస్ ఆ హాల్లో ముప్పై ఆరుసార్లు బతిమాలింది. పైగా తీసుకున్న ప్రతివాళ్ళూ ఊరికే తీసుకోవడం బాగుండదని తమ సంచిలోంచి ద్రాక్షపళ్ళో వేరుశెనగ బిళ్ళలో తెచ్చి పసివాళ్ళ పసుపు బుట్టల్లో వేశారు. అవన్నీ గొట్టంలోంచి జారేవే. మార్లిస్ వెనకాలే తిరుగుతూ వాటిని ఏరి ఏప్రాన్ జేబులో వేసుకుంది.

సోరెన్ బుట్ట ఆఖరుది. కిర్‌స్టెన్ చేతిలోంచి దాన్ని అందుకుని మార్లిస్ లోపల తడిమింది. టార్చి ఉంది, పేక ఉంది, మిఠాయి ఉండలున్నాయి. గాలం లేదు. నేల మీద, సోరెన్ కాళ్ళ దగ్గర, పళ్ళగాట్లతో బిరడా ముక్క ఉంది.

ఆమె మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టింది. భార్య వెతుకుతోందని ఆర్లెన్ వంగాడు. ఆర్లెన్ వంగాడని వెర్నా వంగింది. ఎవరు దేనికోసం వెతుకుతున్నారో అడగడం మర్యాద కాదు. ఐదు నిమిషాల్లో నలభై మంది పెద్దమనుషులు ఈస్టర్ బట్టల్లో నాలుగు కాళ్ళ మీద బల్లల కింద తిరుగుతున్నారు. వెండెల్ కూడా వెతుకుతున్నాడు, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని.

కిర్‌స్టెన్ మార్లిస్ పక్కకు పాకి వచ్చింది. "ఏదైనా ముఖ్యమైనదాండీ?" అంది మెల్లిగా.

మార్లిస్ ఆమె మొహం చూసింది. పోయిన ఏడు ఆస్పత్రి వరండాలో చూసిన మొహమే. ఇక దాచలేకపోయింది. లేచి నిలబడి, హాలంతా వినేలా చెప్పింది.

"ఆర్లెన్ కట్టిన గాలం పోయింది. ముల్లుకి బిరడా లేదు. బుట్టలు తారుమారయ్యాయి, నేను చూసుకోలేదు. సోరెన్ మింగాడేమో తెలీదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం పదండి. నాదే తప్పు."

 బల్ల కిందనుంచి వెండెల్ నెమ్మదిగా పైకి లేచి జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. బొటనవేలికి ఎర్ర ఈకల గాలం వేలాడుతోంది.

"ఇదేనేమో చూడండి" అన్నాడు.

ఇరవై నిమిషాల కిందట పిల్లాడి చేతిలో ఏదో మెరుస్తుంటే తీసుకోబోయాడట. గుచ్చుకుందట. పండగపూట అందరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని జేబులో పెట్టుకున్నాడట. మరి ఇంతసేపూ దేనికోసం వెతికారని ఆర్లెన్ అడిగితే, అందరూ వెతుకుతున్నారు కదా అన్నాడు. కిర్‌స్టెన్ కొడుకును గుండెలకు అదుముకుని ఏడ్చింది. మార్లిస్ కూడా ఏడ్చింది. వెండెల్‌ను ఆస్పత్రికి రమ్మంటే రెండుసార్లు వద్దన్నాడు.

మరుసటి గురువారం సంఘం సమావేశమైంది. మార్లిస్ బుట్టల జాబితా, మిగిలిన రిబ్బన్లు ఒక పెట్టెలో సర్దుకుని అప్పగించడానికి సిద్ధంగా వచ్చింది. వెండెల్ కట్టుకట్టిన బొటనవేలిని పైకి పెట్టుకుని ఫిర్యాదుల పెట్టె తెరిచాడు. ఖాళీగా ఉంది. దెబ్బ తగిలింది ఒక్కడికి, ఆ ఒక్కడూ తానే. తన సంగతి తానే ఎత్తుకోవడం నార్డ్‌బీలో పుట్టినవాడికి చేతకాదు. గొంతు సవరించుకుని, పిల్లలెవరికీ ఏమీ కాలేదని పుస్తకంలో రాయించాడు. మార్లిస్ వైపు తిరిగాడు.

"వచ్చే ఏడు కూడా బుట్టల పని మీరే చూస్తారా?"

"చూస్తానండి" అంది మార్లిస్.

 వెర్నా కాఫీ కప్పులోకి చూసుకుంది. ఆర్లెన్ కిటికీలోంచి మంచును చూశాడు. మార్లిస్ మాత్రం తల దించకుండా, పెట్టె ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

ఇంకో రెండుసార్లు అడగడానికి సిద్ధమై వచ్చిన వెండెల్, ఆ మాటలు ఏం చేసుకోవాలో తెలియక సమావేశం ముగిసిందన్నాడు.