ఎక్కిళ్లకి పిచ్చిమాత్ర

జిల్లాలో ప్రతి పెద్దమనిషికీ ఒక్కసారైనా నాలుగురోజుల ఎక్కిళ్లు రావాలి! నవ్వకండి. నాకు వచ్చాయి కనకే చెబుతున్నాను.

అంతకుముందు నేను సలహాలిచ్చేవాణ్ణి. మా చెల్లెలు జగదీశ్వరి భర్త కూర్మనాథం బొబ్బిలిలో వీణలు చేస్తాడు. నిరుడు అతనికి పక్కన ఎవరూ లేకుండానే మాటలు వినిపించడం మొదలైంది. విజయనగరంలో డాక్టరు చంద్రశేఖరంగారు మాత్రలిచ్చారు. రెండు నెలలకి మాటలు సద్దుమణిగాయి, బావ మళ్లీ ఉలి పట్టాడు. మందువల్ల చెయ్యి కాస్త వణికేది, అంతే.

నేనూరుకుంటానా? ఇంగ్లీషు పేపరు చదివేవాణ్ణి కదా! ఒక పెళ్లిలో అందరూ వింటుండగా, "పిచ్చిమాత్రలు మింగి మొద్దుబారిపోతావేటి బావా! మనోధైర్యం ఉండాల!" అన్నాను. జనం నవ్వారు. బావ నవ్వలేదు. మర్నాటినుంచి మాత్రలు మానేశాడు. కొన్నాళ్లకే ఆ మాటలు తిరిగొచ్చాయి. సగం చేసిన వీణ మూల చేరింది.

నా మనోధైర్యానికి మాత్రం లోటు లేదు. ఎక్కిళ్లొచ్చేవరకూ!

పంచదార తిన్నాను. ఊపిరి బిగబట్టాను. మా ఆవిడ లక్ష్మీకామేశ్వరి వెనకనుంచి కేక పెట్టి భయపెట్టింది. ఎక్కిళ్లు పోలేదు, గుండెదడ అదనంగా వచ్చింది. నాలుగోనాడు చంద్రశేఖరంగారి దగ్గరకి పరిగెత్తాను. ఆయన చీటీ రాశారు. పేరు చూశాను. క్లోర్‌ప్రొమజీన్!

"ఇది... హిక్... మా బావ పిచ్చిమాత్ర కదండీ!"

"మాత్రకి పిచ్చేటండీ? మెదడులో కొన్ని రసాయనాలు వచ్చి కూర్చునే సీట్లుంటాయి. ఈ మందు ముందే ఎక్కి, బస్సులో తువ్వాలు వేసినట్టు ఆ సీట్లు ఆపేస్తాది. వాటికి చోటు దొరకదు, గోల తగ్గుతాది. మీ బావగారికి మాటలు, మీకు ఎక్కిళ్లు. మానేశారట కదా, ఆయన్నీ మళ్లీ మొదలెట్టమనండి." బావకీ మాత్రలు రాసిచ్చారు.

మింగాను. ఎక్కిళ్లు ఆగాయి! నాలుక పిడచకట్టింది, రెండ్రోజులు మత్తుగా పడి ఉన్నాను. ఇంట్లో ఉపన్యాసాలు లేవు. ఇంకా ఎన్ని మాత్రలున్నాయని మా ఆవిడ ఆశగా అడిగింది.

ఆదివారం బొబ్బిలి వెళ్లి, నాకు మిగిలిన ఆఖరి మాత్ర బావ ఎదుటే మింగాను.

"నీకూ ఇనిపిస్తన్నాయేటి బావా?" అన్నాడు భయంగా.

"లేదు, ఎక్కిళ్లు. ఆరోజు నేనన్నది తప్పు బావా. నీ మాత్రలు నువ్వేసుకో."

అతను మా చెల్లెలికేసి చూశాడు. చెల్లెలే చెప్పింది.

"అన్నియ్యా, మాత్రేసుకుంతే పిచ్చోడివేనని ఆయన్ని పగలంతా ఓ గొంతు ఎక్కిరిస్తంది. ఎవుల్దో తెలుసా? అచ్చం నీ గొంతేనట."

డాక్టరుగారు బావకి రాసిచ్చిన మాత్రలు జేబులోంచి తీసి అతని ముందు పెట్టాను.

బావ మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు. "సూద్దాం. ఇది పనిసేసిందాకా నువ్వు ఏటీ మాటాడకు బావా," అన్నాడు.

మాటాడ్డం లేదు. అందుకే ఈ కాలమ్ రాస్తున్నాను!