చదివే యంత్రానికి కుంకుమబొట్టు

చూపులేని వారి కోసం చేసే యంత్రాన్ని, వారికి తెలియకుండా తయారుచేయడమే ఉత్తమమని నా దృఢాభిప్రాయం. దేవుణ్ణి అడిగి గుడి కట్టామా?

నాచారంలో గిరిప్రసాద్ అనే ఇంజనీరు గారు ఇటీవల ఒక చదివే యంత్రాన్ని నిర్మించారు. కెమెరా కింద పుస్తకం పెడితే చాలు, పైకి చదివి వినిపిస్తుంది. ప్రారంభోత్సవాన ఆశీర్వచన శ్లోకాలు చదివే భాగ్యం నాకు దక్కింది.

ఆ నిర్మాణంలో ఎంత ముందుచూపు! మీటలు లేవు, అద్దంలాంటి టచ్‌స్క్రీన్. వేలికి ఏదీ తగలదు కనుక వేలు అరగదు. చార్జింగ్ అయిపోతే ఎర్రదీపం వెలుగుతుంది. వాడే విధానమంతా చీమతలంత అక్షరాలలో అచ్చువేశారు. అది చదవాలంటే యంత్రం నడవాలి, యంత్రం నడవాలంటే అది చదవాలి. ఇంతటి తర్కం మా గురువుగారి వద్ద కూడా వినలేదు. ఇక పరీక్ష అంటారా? ఇంజనీర్లే కళ్లకు చేతిరుమాళ్లు కట్టుకుని, కింది సందులోంచి చూస్తూ నడిపి, దివ్యంగా ఉందని ధ్రువీకరించారు.

ఫొటో కోసం లాలాపేట నుంచి సత్యవేణి అనే చూపులేని అమ్మాయిని పిలిపించారు. ఆమెకు వచ్చేవారం టీచరు ఉద్యోగ పరీక్ష. చదివి వినిపించే చెల్లెలికి నైట్ డ్యూటీ పడింది. యంత్రం పనిచేస్తే ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పాపం, పాఠ్యపుస్తకం వెంట తెచ్చుకుంది.

గిరిప్రసాద్ గారు యంత్రానికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, హారతి ఇచ్చారు. ఆ పుస్తకాన్నే కెమెరా కింద పెట్టారు.

"పేజీ ఖాళీగా ఉంది" అంది యంత్రం.

పేజీ మార్చినా అదే మాట. సాఫ్ట్‌వేర్ లోపమన్నారొకరు. నా శ్లోకంలో అపస్వరమన్నారు మరొకరు.

"జర నన్ను ముట్టి సూడనియ్యున్రి సార్" అని సత్యవేణి యంత్రమంతా తడిమింది. "గీడ తడిగ ఏందో అంటింది."

చున్నీ కొసతో తుడిచింది. కెమెరా కన్ను మీది కుంకుమ! యంత్రం పాఠాన్ని గడగడా అప్పజెప్పింది. బొట్టు చెరిపిన అపచారానికి నేను ముఖం గంభీరంగా పెట్టుకున్నాను.

ఆమె అక్కడితో ఊరుకోలేదు. సంచిలోంచి స్టిక్కర్ బొట్ల అట్ట తీసింది. "షురూ జేసేకాడ ఒకటి, బందు జేసేకాడ ఒకటి అతికించున్రి. ఏలుకు తాకితే నేనే సదువుకుంట."

"ఈ సంగతి ముందే చెప్పవలసింది కదమ్మా" అన్నారు గిరిప్రసాద్ గారు, నొచ్చుకుంటూ.

సత్యవేణి యంత్రాన్ని సంచిలో సర్దుకుంది.

"మిషన్‌కు వెట్టిన బొట్టు, దాన్ని జేసేముందే నాకు వెట్టి పిలుస్తే చెప్తుంటి గద సార్."