జొన్నపుట్టు కచేరీలో ఖాళీ

ఇందుమూలంగా సమస్త ఉద్యోగార్థులకు తెలియజేయడమేమనగా, విశాఖపట్నం ఏజెన్సీలో శ్రావణ భాద్రపదాలు ఉద్యోగాలు పండే రుతువు. వానలు కురుస్తాయి, కొండజ్వరం వస్తుంది, కుర్చీలు ఖాళీ అవుతాయి. యుద్ధం ముగిశాక దొరతనంవారికి పొదుపు మీద మనసు పుట్టి, ఉన్న గుమస్తాలనే ఇళ్ళకు సాగనంపుతున్న ఈ రోజుల్లో, క్రమం తప్పకుండా కొలువులు ఇప్పిస్తున్న శాఖ జ్వరం ఒక్కటే. దానికి మనం ఎంత రుణపడి ఉన్నా తక్కువే.

విజయనగరంలో వరహాలరావు స్కూలు ఫైనలు ప్యాసై చాలాకాలమైంది. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. టైపు కొడతాడు. నడుం విరిగిందా అనిపించేలా వంగి సలాము చేస్తాడు. అయినా ఉద్యోగం రాలేదు. ఈలోగా తండ్రి పైడయ్యగారిని కూడా పొదుపు కింద ఇంటికి పంపేశారు. ఆ ఇంట్లో ఇప్పుడు పొయ్యి ఒంటిపూటే వెలుగుతోంది. చిన్నపిల్లలు రెండో పూట నిద్రపోవడం నేర్చుకున్నారు.

అటువంటి సమయంలో, అనంతగిరికి ఎగువనున్న జొన్నపుట్టు కచేరీలో గుమస్తా సత్యనారాయణకు కొండజ్వరం తగిలిందన్న శుభవార్త వచ్చింది. వీధి వీధంతా వచ్చి వరహాలరావు వీపు తట్టింది. ఒక్కరి నోటా చావు మాట రాలేదు. మన పెద్దలకు మర్యాద తెలుసు. "ఖాళీ పడేలా ఉంది" అని మాత్రమే అన్నారు. తల్లి కనకమ్మ పసుపు గుడ్డలో ముడుపు కట్టి, "అమ్మా పైడితల్లీ, నాను ఎవులికీ కీడు కోరను. ఆ కుర్సీ ఒక్కటీ ఖాళీ సేయించు తల్లీ, నీ గుడికొచ్చి తలనీలాలిస్తాను" అని మొక్కుకుంది.

సన్నాహాలు ఘనంగా జరిగాయి. జ్వరం తనను పట్టకుండా వరహాలరావు రోజూ వేపకషాయం తాగాడు. కొండ ఎక్కడానికి అలవాటు కావాలని కోటగట్టు ఎక్కి దిగాడు. ఎరువు కోటు ఒకటి సంపాదించాడు. అద్దం ముందు నిలబడి విచారంగా ముఖం పెట్టడం సాధన చేశాడు. మొదట్లో ఆ ముఖం మరీ సంతోషంగా వచ్చేది, తండ్రి దగ్గరుండి దిద్దారు. తల్లి క్వినైను మాత్రలు పొట్లం కట్టి కోటు జేబులో పెట్టింది.

"బేగి బయల్దేరు. నువ్విలా కషాయాలు తాగుతూ కూకుంటే ఆయనక్కడ లేచి కూకుంటాడు" అని పైడయ్యగారు తొందరపెట్టారు.

శృంగవరపుకోట దాకా బండి, ఆ పైన కాలినడక. ఒళ్ళంతా జలగలతో జొన్నపుట్టు చేరేసరికి గుమస్తా పాక అరుగు మీద అప్పటికే ఉద్యోగార్థులు బారులు తీరి ఉన్నారు. వాళ్ళ అనురాగం వర్ణింప నలవి కాదు. తెల్లారితే చాలు, "గుమస్తాగారికి ఎలా ఉంది?" అని అడిగేవారు. కాస్త నయమంటే ముఖాలు వేలాడేసేవారు. రాత్రంతా పలవరించాడంటే "అయ్యయ్యో" అని సర్దుకుని కూర్చునేవారు. బొబ్బిలి నుంచి వచ్చిన జోగారావు అందరికన్నా కార్యదక్షుడు. కచేరీలో గుమస్తా కుర్చీ కాలు కదులుతోందని వడ్రంగిని కూడా మాట్లాడేశాడు.

ఊరిపెద్ద సోంబరు ఇదంతా చూసి కరిగిపోయాడు. కొండ మీద చుట్టమైతేనే రోగి గుమ్మంలో కూర్చుంటాడు. చుట్టం కానివాడు కూర్చోడు.

"ఒక్క మనిషికి జొరమొస్తే ఇంతమంది తమ్ముళ్ళొచ్చినారు. ఇంత సుట్టరికం మా కొండ మీద కూడ నేదు బావూ" అని కళ్ళు తుడుచుకుని, మందూ మంత్రమూ చూసే దిసారిని పిలుచుకొచ్చాడు. దిసారి బియ్యంతో ముగ్గు వేసి, నల్లకోడిని పట్టుకుని, ఊరి కట్టుబాటు చెప్పాడు. గుమ్మంలో కూర్చున్న చుట్టాలు రోగి పాదాలు పట్టుకుని "నీ జొరంలో నా వాటా నాకియ్యి" అనాలి. రోగి లేస్తే అందరికీ విందు. లేవకపోతే, వాటా పుచ్చుకున్నవాళ్ళు అతని పెళ్ళాం పిల్లల్ని తమవాళ్ళలాగే సాకాలి.

విషయం డిప్యూటీ తాసిల్దారుగారి దాకా వెళ్ళింది. ఆయన అరుగు ముందు నిలబడి ఉపన్యసించారు.

"కొండజనుల ఆచారములను గౌరవింపవలెనని దొరతనంవారి ఉద్దేశము. కావున ఎవరు వాటా స్వీకరింతురో, ఖాళీ ఏర్పడినచో, వారి దరఖాస్తు మాత్రమే పరిశీలింపబడును. తోటి ఉద్యోగి యందు మీకు గల ప్రేమ నా హృదయమును కదిలించినది!"

ఉద్యోగార్థులు సత్యనారాయణకు సంసారం ఎంత అని మొదటిసారి విచారించారు. కొండ దిగువన సొంతూళ్ళో భార్య, గంపెడు పిల్లలు, మంచం పట్టిన తల్లి, విధవ మేనత్త ఉన్నారని తేలింది. మర్నాడు పొద్దెక్కేసరికి అరుగు ఖాళీ. జోగారావుకు హఠాత్తుగా తాతగారి తద్దినం జ్ఞాపకం వచ్చింది. వరహాలరావు ఒక్కడే మిగిలాడు. ఉత్త చేతులతో ఆ ఒంటిపూట పొయ్యి ముందుకు వెళ్ళే ధైర్యం అతనికి లేదు. అందరి ముందూ పాదాలు పట్టుకుని వాటా అడిగాడు.

ఇక పోటీ లేదు. కొలువు గుప్పిట్లో ఉన్నట్టే. జీతమొస్తే రెండిళ్ళూ ఎలాగోలా ఈదవచ్చు. చేయవలసినదల్లా ఏమీ చేయకుండా కూర్చోవడం, అది సర్కారు ఉద్యోగానికి ఎలాగూ అవసరమైన విద్యే. కచేరీ మందులపెట్టెలో క్వినైను అయిపోయింది. పంపించమని పైకి రాశారు, జవాబు వచ్చే వేళకు ఎవరికి అక్కరకొస్తుందో పైవాళ్ళకే తెలియాలి. మాత్రలున్నది వరహాలరావు జేబులోనే. ఆ సంగతి తెలిసినవాడూ వరహాలరావు ఒక్కడే.

ఒక మధ్యాహ్నం ముసురు పట్టి ఉంది. సత్యనారాయణ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. సోంబరు భార్య అసిరమ్మ అంబలి తెచ్చి, రోగి వంక చూసి, "ఏటి బావూ, ఇలాగున్నాడు?" అంది.

"ఖాళీ పడేలా ఉంది" అన్నాడు వరహాలరావు, అలవాటు కొద్దీ.

"ఏటి ఖాళీ?"

వరహాలరావు నోరు తెరిచాడు. వీధిలో అందరికీ అర్థమైన మాట ఇక్కడ విడమరిచి చెప్పవలసి వచ్చింది. చెప్పలేకపోయాడు. అంతలో సత్యనారాయణ కళ్ళు తెరిచి, అతని చెయ్యి పట్టుకుని, "నువ్వు మా ఇంటి నుంచి వచ్చావా నాయినా? పిల్లలు తిన్నారా?" అని అడిగాడు.

ఇంత చదువూ, ఇంత సాధనా ఉన్న యువకుడు ఆ క్షణాన దిగజారిపోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూనే జేబులోంచి పొట్లం తీసి, రోగిని ఒళ్ళో పడుకోబెట్టుకుని మాత్ర మింగించాడు. మళ్ళీ సాయంత్రం మింగించాడు. పొట్లం అయిపోయేదాకా మింగిస్తూనే ఉన్నాడు.

సత్యనారాయణ లేచాడు. కోడికూరతో ఊరంతా విందు చేసుకుంది. డిప్యూటీ తాసిల్దారుగారు చప్పట్ల మధ్య, "ఈ యువకుని త్యాగము చిరస్మరణీయము. ఖాళీ లేనందున ఇతడు తక్షణము కొండ దిగవచ్చును" అని సెలవిచ్చారు.

వరహాలరావు ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ సాయంత్రం వీధి మొత్తం పరామర్శకు వచ్చింది. మగవాళ్ళు తలలు వంచుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు కనకమ్మ చుట్టూ చేరారు.

"బతికేసినాడటమ్మా! కోడికూర తిన్నాడట!" అని ఆవిడ గుండెలు బాదుకుంది.

"ఊరుకో వదినా, మన సేతుల్లో ఏటుంది?" అని తక్కినవాళ్ళు ముక్కులు చీదారు. పైడయ్యగారు పిల్లాడి పెంపకంలో లోపం తనదేనని ఒప్పుకున్నారు.

మీరు నవ్వుతున్నారు, మంచిదే. మీ అబ్బాయికి ఉద్యోగమైన రోజున మీరూ వీధంతా మిఠాయి పంచే ఉంటారు. ఆ కుర్చీలో అంతకుముందు కూర్చున్నాయన ఏమయ్యాడని మీ ఇంట్లో అడిగినవారెవరు?