అమ్మాయి నీళ్ళోసుకుందండీ

ఆ శనివారం పొద్దున్న తొమ్మిదీ నలభైకి రైలు. ఆరింటికల్లా లిఫ్టు మెకానిక్ రెండు పెట్టెలూ సర్ది హాల్లో తలుపు పక్కన నిలబెట్టేశాడు. పదేసి అంతస్తుల మేడల్లో ఇనుప తాళ్ళు తనిఖీ చేసే ఉద్యోగం కాబట్టి ఏదైనా రెండుసార్లు సరిచూసుకుంటే గాని అతనికి తోచదు. టికెట్లు రెండుసార్లు చూశాడు. కిటికీల గడియలు రెండుసార్లు లాగి చూశాడు. ఏటా ఆగస్టులో వారం రోజులు సెలవు పెట్టి భార్యాభర్తలిద్దరూ అతని తల్లి దగ్గరికి వెళతారు. భార్య తల్లి దగ్గరికి మాత్రం వెళ్ళరు. వెళ్ళే వీలు లేదు.

అతని భాష వేరు, ఊరు వేరు, పుట్టి పెరిగిన పద్ధతులు వేరు. తొమ్మిదేళ్ళ క్రితం ఈ పెళ్ళి మాట బయటికి రాగానే అత్తగారు నలుగురి ముందూ ఒక మాట అనేసింది. "మన మాట రానివాడితో నేనేం మాట్లాడను? ఆ ఇంటి గుమ్మం తొక్కను." అన్నమాట మీద నిలబడే మనిషి. తొక్కలేదు.

ఆ మాట విన్న మరునాడే మెకానిక్ ఒక నోటుపుస్తకం కొని తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో కూడా తెలుగే మాట్లాడమని భార్యను బతిమాలుకున్నాడు. ఎవరికి ఎంత మర్యాద ఇవ్వాలో తేల్చుకోలేక, ఎందుకైనా మంచిదని భార్యతో సహా అందరినీ "మీరు" అనేవాడు. మెట్ల మీద పడుకునే పిల్లిని కూడా "కొంచెం జరగండి" అనేవాడు.

అత్తగారు ప్రతి శనివారం సరిగ్గా ఏడింటికి కూతురికి ఫోన్ చేస్తుంది. ఎప్పుడైనా అతను ఎత్తితే, "అమ్మాయికివ్వండి" అంటుంది. తొమ్మిదేళ్ళలో ఆవిడ అల్లుడితో మాట్లాడిందల్లా అంతే.

ఆ రోజు ఏడింటికి ఫోన్ మోగేసరికి అమ్మాయి స్నానాల గదిలో ఉంది. ఇంట్లో హీటరు పాడైతే నీళ్ళు కాచి, మోసుకెళ్ళి పెట్టింది అతనే. ఫోను చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయికివ్వండి."

ఇవ్వడానికి అమ్మాయి లేదు. ఏదో ఒకటి చెప్పక తప్పదు. కిందటి నెలలో ఇంటి ఓనరమ్మ వాళ్ళ కోడలు తడిజుట్టుతో బాల్కనీలో నిలబడి ఉంటే, ఓనరమ్మ మురిసిపోతూ అన్న మాట అతనికి గుర్తొచ్చింది. అప్పుడే నోటుపుస్తకంలో రాసుకున్నాడు కూడా. ఎదురుగా స్నానం, తడిజుట్టు ఉంటే ఆ మాటకు మరో అర్థం ఉంటుందని ఎలా అనుకుంటాడు?

"అమ్మాయి నీళ్ళోసుకుందండీ" అన్నాడు.

అవతల రేడియో కట్టేసిన చప్పుడైంది.

"ఏమన్నారూ?"

ఉచ్చారణ తేడా వచ్చిందేమోనని నిదానంగా, ఒక్కొక్క అక్షరం నొక్కి మళ్ళీ అన్నాడు.

"ఎప్పుడు?" అంది అత్తగారు.

"పది నిమిషాలైందండీ."

ఆవిడ గొంతు కొంచెం మారింది. "సరే. జాగ్రత్తగా చూసుకోండి. ఇవాళ ప్రయాణాలేవీ పెట్టుకోకండి" అని ఫోన్ పెట్టేసింది.

భార్య తల తుడుచుకుంటూ వచ్చేసరికి అతను ఫోనువంకే చూస్తూ నిలబడి ఉన్నాడు. "మీ అమ్మగారు నాతో మాట్లాడారు" అన్నాడు.

బడిలో సైన్సు చెప్పే టీచరు ఆమె. ఆధారం లేనిదే ఏదీ నమ్మదు. "ఏమంది?"

"నాలుగు వాక్యాలన్నారు. మిమ్మల్ని జాగ్రత్తగా చూసుకోమన్నారు. ప్రయాణం వద్దన్నారు."

ఆమె తువ్వాలు కుర్చీ మీద వేసి కూర్చుంది. కళ్ళు చెమర్చాయి. తల్లికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. "ఏ పీడకల వచ్చిందో ఏమో. మీ అమ్మ స్టేషనుకొచ్చి ఎదురుచూస్తుంది. మనం ఆగితే ఎలా? దారిలో మళ్ళీ చేస్తాను" అని చీర కట్టుకోవడానికి లోపలికి వెళ్ళింది.

పది నిమిషాలకు మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి బావమరిది. తల్లి ఉండేది అతని దగ్గరే.

"బావగారూ, అమ్మ ఇప్పుడే చెప్పింది. నాకు నోట మాట రావడం లేదు. ఎన్నో నెల?"

మెకానిక్ గోడమీది క్యాలెండరు చూశాడు. తెలిసిన సంగతే అయినా చూసి చెప్పడం మంచిది. "ఎనిమిదో నెలండీ."

"ఎనిమిదా? ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేంటి?"

"అందరికీ తెలిసిందే కదండీ."

"మాకు తెలీదు బావగారూ." బావమరిది ముక్కు ఎగబీల్చాడు. "సరేలెండి, మా మీద కోపం ఉండదా మరి. అక్కేం చేస్తోంది?"

"ప్రయాణానికి తయారవుతున్నారు. రెండు పెట్టెలూ కిందికి ఆవిడే దింపుతానంటున్నారు."

"లిఫ్టులోనేగా?"

ఇది అడక్కూడని ప్రశ్న. ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేసే మనిషి ఉండే మేడలో లిఫ్టు నెల రోజులుగా ఆగిపోయి ఉంది. ఏదో విడిభాగం రావాలి. "లేదండీ, మెట్లమీదే. నాలుగంతస్తులే. ఆవిడకి అలవాటే" అన్నాడు సిగ్గుపడుతూ.

అవతల ఏదో కింద పడిన చప్పుడై ఫోన్ ఆగిపోయింది.

ఎనిమిదింపావుకు తలుపు చప్పుడైంది. ఓనరమ్మ ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెనక రెండో అంతస్తు పోస్టుమాస్టరు, మూడో అంతస్తు దర్జీ.

"టీచరమ్మా, నువ్వు కదలకు. ఈ కుర్చీలో కూర్చో. అటొకరూ ఇటొకరూ పట్టుకుని దింపేస్తారు. కింద మా ఇంట్లో మంచం వేశాను."

"నన్నెందుకు దింపడం?"

"మీ తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడమ్మా. అమ్మను తీసుకుని కారులో బయల్దేరాడట. ఒంటిగంటకల్లా వచ్చేస్తారట. అప్పటిదాకా అక్కను మెట్లెక్కనివ్వకండి, దిగనివ్వకండి అన్నాడు." ఓనరమ్మ ఆమెను పైనుంచి కిందికి పరీక్షగా చూసింది. "ఎనిమిదో నెలంటే నమ్మేట్టే లేదు. కొందరిది ఒళ్ళే అంత."

టీచరుకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. ఈలోగా ఆమె ఫోన్ మోగింది. బడి హెడ్మిస్ట్రెస్. ఆ బడిలో గుమాస్తాగా పనిచేసేది ఓనరమ్మ చెల్లెలు.

"ఏమ్మా, సంతోషమే. కాదనను. కానీ ఎనిమిది నెలలు స్టాఫ్‌రూంలో మా మధ్యే తిరుగుతూ ఒక్క కాగితమైనా పెట్టలేదు. నీ క్లాసులు ఎవరికివ్వమంటావు? ఈ వారం సెలవుకే ప్రసూతి సెలవు కలిపేయమంటావా?"

ఆమె ఫోన్ ఆపేసింది. కుర్చీ తెచ్చినవాళ్ళకు తర్వాత చెబుతానని చెప్పి తలుపు వేసింది. భర్తవైపు తిరిగింది.

"మా అమ్మతో ఏమన్నావు? అన్న మాట అన్నట్టు చెప్పు."

అతను చెప్పాడు. నోటుపుస్తకం తెచ్చి చూపించాడు కూడా.

"ఆ మాటకి స్నానం చేసిందనీ అర్థముంది" అంది ఆమె మెల్లగా. "కానీ మా అమ్మ వయసు వాళ్ళకి ఆ మాటకి కడుపుతో ఉందని అర్థం. ఓనరమ్మ వాళ్ళ కోడలికి మూడో నెల."

అతను నోటుపుస్తకం మూసేశాడు. ఈ ఇంట్లో ఆ సంగతి తేలికైనది కాదు. ఐదేళ్ళపాటు ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పరీక్షలు, సూదులు, రెండుసార్లు ఆశ, రెండుసార్లు ఏమీ మిగలకపోవడం. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆ కాగితాలన్నీ సంచిలో కట్టి అటక మీద పెట్టేసి, ఇద్దరూ ఇక ఆ మాట ఎత్తలేదు. ఆమెకిప్పుడు నలభై ఒకటి.

ఆమె పెట్టె మీద కూర్చుండిపోయింది. భుజాలు కదులుతున్నాయి. అతను ఎదురుగా నేలమీద మోకాళ్ళ మీద కూర్చుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియక ఆమె ముఖంలోకి చూశాడు. ఆమెకూ తెలిసినట్టు లేదు. "పది నిమిషాలైందన్నావా?" అని అడిగి మళ్ళీ మొదలుపెట్టింది.

తర్వాత ఇద్దరూ తమ్ముడికి ఫోన్ మీద ఫోన్ చేశారు. పద్నాలుగుసార్లు మోగింది. ఎవరూ ఎత్తలేదు. తొమ్మిదీ నలభైకి రైలు వాళ్ళు లేకుండా వెళ్ళిపోయింది. అతను తన తల్లికి ఫోన్ చేసి, తన భాషలో జరిగింది చెప్పబోయాడు. ఆ భాషలో ఈ మాటకు రెండు అర్థాలు లేవు కాబట్టి ఆవిడకి ఎంతసేపటికీ ఎక్కలేదు. చివరికి, కోడలికి ఒంట్లో బాగాలేదు కాబోలు అనుకుని ఊరుకుంది.

"అమ్మకి నేను చెబుతాను" అంది భార్య.

"వద్దు. తప్పు నాది. నేనే చెబుతాను." కిటికీ దగ్గర నిలబడి వాక్యం తయారుచేసుకున్నాడు. "అమ్మాయి నీళ్ళోసుకోలేదండీ."

"అలా అంటే స్నానం కూడా చెయ్యలేదనుకుంటుంది."

పన్నెండున్నర దాకా వాక్యం మారుతూనే ఉంది.

కారు ఒంటిగంటకు ముందే వచ్చింది. బావమరిది బండి పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వీధి చివరికి వెళ్ళాడు. అత్తగారు ఒక్కతే సంచీ పట్టుకుని మెట్లెక్కుతోంది. మెకానిక్ గబగబా దిగి వెళ్ళి రెండో అంతస్తు మలుపులో ఎదురుపడ్డాడు. పెళ్ళయ్యాక ఆవిణ్ణి ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఫోటోలో కంటే చాలా చిన్న మనిషి. మెట్ల కమ్మీ పట్టుకుని ఆయాసపడుతోంది.

"అత్తయ్యగారూ, తప్పు నాదండీ. మీ అమ్మాయి స్నానం చేశారు." ఒక మెట్టు దిగాడు. "అంతే చేశారు."

అత్తగారు సంచీ కింద పెట్టింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "తెలుసు" అంది.

"ఎవరు చెప్పారండీ?"

"మీరే చెప్పారుగా, పది నిమిషాలైందని. కడుపు సంగతి ఎవరికైనా పది నిమిషాల్లో తెలుస్తుందా? ఎనిమిదో నెలంటే వాడు నమ్మాడు. చదువుకున్నవాడు."

పైన మూడో అంతస్తు మలుపు దగ్గర కూతురు వచ్చి నిలబడింది. ఎంతవరకు విన్నదో తెలీదు. "మరి ఎందుకొచ్చావమ్మా? తమ్ముడు ఫోనెందుకు ఎత్తలేదు?"

"వాడి ఫోను నా సంచీలో ఉంది. బండి నడిపేటప్పుడు ఫోనేంటని లాక్కున్నాను. నువ్వు నిజం చెప్పేస్తే వాడు సగం దారిలోనే బండి తిప్పేసేవాడు." ఆవిడ కూతురివైపు చూడకుండా మెట్ల కమ్మీవైపు చూస్తూ మాట్లాడింది. "నువ్వు ఆసుపత్రుల చుట్టూ తిరిగినప్పుడు నీ తమ్ముడు చెప్పాడు. అప్పుడే రావాల్సింది. ఆ పట్టుదలతో రాలేదు. అప్పుడు రానిదాన్ని, ఇప్పుడు ఊరికే ఏ మొహం పెట్టుకుని రాను? పొద్దున్న ఈయన ఆ మాటన్నారు. సరే, ఇదీ ఒక వంకే అనుకున్నాను."

కూతురు దిగివచ్చి తల్లి పక్కనే మెట్టు మీద కూర్చుంది. తల్లి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. మెకానిక్ ఏం చెయ్యాలో తెలియక సంచీ భుజాన వేసుకుని, మళ్ళీ దించి, మళ్ళీ వేసుకున్నాడు.

కిందనుంచి బావమరిది పరుగున వస్తున్న చప్పుడైంది. ముగ్గురినీ చూసి ఆగిపోయాడు. "అక్కను మెట్లమీద కూర్చోబెట్టారేంటి?"

"వాడికి రెండు రోజులు చెప్పకండి" అంది అత్తగారు అల్లుడి చెవిలో. "ఇప్పుడే తెలిస్తే సాయంత్రానికి నన్ను వెనక్కి తీసుకుపోతాడు. ఒక నాలుగు రోజులుంటాను."

బావమరిదికి సోమవారం చెప్పారు. అతను ఒక పూట ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఒక్కడే తిరిగి వెళ్ళిపోయాడు. ఓనరమ్మకు టీచరే చెప్పింది. ఆవిడ కుర్చీ తీసుకుపోతూ, అయినా కట్టుకున్న చీర నీకు బాగుందమ్మా అంది. హెడ్మిస్ట్రెస్ మాత్రం, ముందు ఇచ్చిన సమాచారం తప్పని ఒక కాగితం రాయించుకుంది.

నాలుగు రోజులకని వచ్చిన అత్తగారు నెలా పది రోజులుంది. అన్ని రోజులూ అల్లుడికి మాట సరిగా రాదని ఫిర్యాదు చేస్తూనే ఉంది, అల్లుడితోనే.