ప్రముఖ పూర్వ నివాసుల దర్శన యాత్ర

ఊరికి పేరు గొప్పవాళ్ల వల్లే వస్తుందనీ, ఆ గొప్పవాళ్లు ఊళ్లో లేనప్పుడే ఆ పేరు నిలుస్తుందనీ నగరపాలక సంస్థ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం ప్రకారమే ప్రతి ఆదివారం 'ప్రముఖ పూర్వ నివాసుల దర్శన యాత్ర' బస్సు బయల్దేరుతుంది. (ప్రస్తుత నివాసులకు కిటికీ పక్క సీటు ఇవ్వరు.)

ఆ ఆదివారం పెద్దాసుపత్రి నర్సు కూడా బస్సెక్కింది. వారానికి ఒక్కటే సెలవు. కాసేపు ఫ్లూటు సాధన చేసుకుందామంటే కింది వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ మెట్ల దగ్గరికొచ్చి, "ఇది కొంపా, కచేరీయా?" అని అరుస్తుంది. ఆ మాటలు పడేకంటే ఊరు చూడటం నయమనుకుంది.

మొదట చిత్రకారుడి ఇల్లు. "గోడల నిండా బొమ్మలు గీస్తున్నారని ఇరుగుపొరుగువాళ్లు తొమ్మిది అర్జీలు పెడితే, పాపం, ఇక్కణ్ణుంచే పెట్టె సర్దుకున్నారు," అన్నాడు గైడు గర్వంగా. ఇప్పుడా గోడకి ఇనుప కంచె, ఓ కాపలాదారు. తర్వాత శాస్త్రవేత్త ఇల్లు. వంటింట్లో ఏదో పేల్చాడని, ఖాళీ చెయ్యడానికి ఆయనకి వారం గడువిచ్చారట. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇక్కడే ఉండి పేరు తెచ్చుకున్నవాళ్లు లేరా అన్నా?" అడిగింది నర్సు.

గైడు ఫైలంతా తిరగేశాడు. "అలాంటి పద్దు లేదమ్మా. రూలు ప్రకారం ముందు వెళ్లిపోవాలి. గొప్పతనం ఆ తర్వాత."

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన ఒకాయన టేపుతో గోడ కొలుస్తున్నాడు. స్మారక ఫలకాల విభాగం ఉపాధికారి. పక్కనే ఓనరమ్మ.

"నేనేం చేశాను సార్?" అడిగింది నర్సు.

"మీ ఫ్లూటు మీద పదకొండు ఫిర్యాదులొచ్చాయమ్మా. చిత్రకారుడికే అన్ని రాలేదు. మీరు తప్పకుండా పైకొస్తారు."

"పైనే ఉంది కదండీ, అదే కదా గొడవ," అంది ఓనరమ్మ.

నర్సుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నాకు ఫలకం వద్దు సార్. పొద్దున్నే ఓ గంట వాయించుకోనివ్వండి, చాలు."

ఉపాధికారి తన చేతిలోని ఫలకం దరఖాస్తులో ఆ విన్నపానికి గడి ఉందేమోనని వెతికాడు. లేదు.

ఓనరమ్మ మొదటిసారి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"నీ మీద నాకేం కోపం తల్లీ? నెలాఖరుకి ఖాళీ చేసెయ్. నీ ఫలకం రోజూ నా చేత్తో నేనే తుడుస్తా."